పధ్నాలుగో మలుపు దగ్గర రెండుసార్లు

“దీనికి టాపు ఏదిరా?”

పోయిన అక్టోబరులో ఒక శనివారం, తెల్లవారుజామున నాలుగున్నరకి, కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో మా గ్యారేజీ ముందు నా కారు పక్కన నిలబడి నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. పీకేశాను, 18 కిలోల బరువు తగ్గింది అన్నాను. కాసేపు నా మొహం వంక చూసి, లోపలికెళ్లి మంకీ క్యాపు, శాలువా తెచ్చుకున్నాడు. అమ్మ కట్టిచ్చిన సద్ది డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకెక్కడా చోటు లేదు మరి. డిక్కీలో హెల్మెట్, జాక్, పనిముట్ల సంచి, రెండు బ్రేకాయిలు డబ్బాలు. అంతటితో డిక్కీ నిండిపోయింది.

నాన్న మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. చివరి పదకొండేళ్లు శ్రీశైలం సర్వీసే. దోర్నాల దాటాక నల్లమలలో ఆ ఘాటు రోడ్డు ఎక్కినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అమెరికా వచ్చిన రెండు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా నా డ్రైవింగు గురించి మంచీ చెడూ మాట్లాడలేదు. అది నాకు బాగా గుచ్చుకుంటూ ఉండేది. అందుకే ట్రాక్ డేకి, అంటే మన సొంత కారుని రేసు ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజుకి, తీసుకెళ్లాను. పొగుడుతాడని కాదు గానీ, ఏదో ఒకటి అంటాడని.

బండి గురించి చెప్పాలి. 1994 మోడల్ మాజ్దా మియాటా. 1989లో షికాగో ఆటో షోలో ఈ కారుని మొదట బయటపెట్టారు. అరవైల్లో బ్రిటిష్‌వాళ్లు చేసిన బుల్లి రెండు సీట్ల బళ్లలాంటిదే, కాకపోతే ఇది కింద ఆయిల్ కార్చదు. నాది 1.8 లీటర్ ఇంజను, కొత్తలో 128 హార్స్‌పవర్. ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే ఎస్‌యూవీల్లో కొన్నిటికి ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ ఇది కంపెనీనించి వచ్చినప్పుడే దాదాపు 1,040 కిలోలు. నేను 2017లో 4,200 డాలర్లకి కొన్నాను, అప్పటికే 1,68,000 మైళ్లు తిరిగింది. హెడ్‌లైట్లు స్విచ్చి వేస్తే బానెట్‌లోంచి కప్ప కళ్లలా పైకి లేస్తాయి. నిజం చెప్పాలంటే కొన్నది వాటిని చూసే.

తర్వాత పిచ్చి పట్టింది. స్టెపినీ, ఏసీ, రేడియో, స్పీకర్లు, కార్పెట్లు, టాపు ఒక్కొక్కటే పీకి, బాత్రూంలో ఉండే త్రాసు మీద పెట్టి నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. బండి బోల్తా పడితే తల మిగలాలి కాబట్టి సీట్ల వెనక ఉక్కు రోల్ బార్ బిగించాల్సి వచ్చింది, అలా 17 కిలోలు మళ్లీ ఎక్కాయి. చివరికి నాలుగు చక్రాల కింద నాలుగు త్రాసులు పెట్టి తూస్తే 985 కిలోలు. ఏసీ పీకినందుకు మాత్రం ప్రతి జూలైలోనూ ఏడుస్తూనే ఉన్నాను.

బరువు తగ్గితే ఏమొస్తుందని చాలామంది అడుగుతారు. స్పీడు కాదు. తిన్నగా ఉన్న రోడ్డు మీద మా ఆఫీసులో అందరి ఎలక్ట్రిక్ కార్లూ నన్ను నిలబెట్టి దాటిపోతాయి. అసలు సంగతి బ్రేకుల దగ్గర ఉంది. బండిని ఆపడమంటే ఆ పరుగునంతా వేడిగా మార్చడమే. అదే స్పీడులో రెండింతల బరువున్న బండిని ఆపితే రెండింతల వేడి పుడుతుంది. రోడ్డు మీద అది ఎవరికీ తెలియదు. ట్రాక్ మీద నిమిషానికి నాలుగైదుసార్లు, ఇరవై నిమిషాలపాటు ఆపితే తెలుస్తుంది. టైర్ల సంగతీ అంతే. పక్కన ఒకాయన రెండు టన్నుల కారుతో వచ్చి రెండు ట్రాక్ డేలకి టైర్ల సెట్టు మార్చేస్తాడు. నాకు అదే సెట్టు ఏడాది వస్తుంది.

ఇంత తెలిసినవాణ్ణి ముందు బ్రేకుల మీద డబ్బు పెట్టాలా వద్దా? పెట్టలేదు. మొదట కొన్నది చప్పుడు. పెద్ద గొట్టం ఎగ్జాస్ట్, ఒక హెడర్ (ఇంజనులోంచి పొగని బయటికి తెచ్చే గొట్టాల గుత్తి). ఆ హెడర్‌కి కాలిఫోర్నియా వాళ్ల ఆమోదం నంబరు లేదు. రెండేళ్లకోసారి వచ్చే స్మాగ్ టెస్టుకి, అంటే పొగ పరీక్షకి, దాన్ని ఊడదీసి పాతది బిగించడానికి ఒక శనాదివారం పోయింది. ఎగ్జాస్ట్ వేసుకుని మోంటెరే దగ్గర లగూనా సెకాకి వెళ్లాను. చుట్టూ ఇళ్లుండడంతో ఆ ట్రాక్‌లో శబ్దానికి హద్దుంటుంది, నేను వెళ్లిన రోజు 90 డెసిబెల్స్. రెండో రౌండులోనే నల్లజెండా చూపించి లోపలికి పిలిచారు. కార్క్‌స్క్రూ అని అక్కడ ఒక ప్రసిద్ధమైన మలుపుంది, అయిదంతస్తుల మేడ మీంచి దిగినట్టు కిందికి జారుతుంది. దాని కోసం మూడు వందల పైచిలుకు డాలర్లు కట్టి, దాన్ని రెండుసార్లు చూసి ఇంటికొచ్చాను.

తర్వాత కోయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగులూ షాకులూ. బిగించిన షాపు పేరు చెప్పను. బండిని వీలైనంత కిందికి దించి, వీలైనంత గట్టిగా చేసి ఇచ్చారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. గుంటలో పడితే మాత్రం నా వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు. ఆరు నెలల తర్వాత నేనే అంగుళం పైకి లేపి, ముందు చక్రాలు పైన లోపలికి వాలేలా రెండున్నర డిగ్రీల క్యాంబర్ పెట్టించాను. అప్పుడుగానీ బండి చెప్పిన మాట వినలేదు.

ఇక బ్రేకుల కథ. థండర్‌హిల్ అని విల్లోస్ ఊరికి పడమరగా, కొండల అంచున ఒక ట్రాక్ ఉంది. పాత ట్రాక్ మూడు మైళ్లు, 15 మలుపులు. ఒక జూన్‌లో అక్కడికి వెళ్లాను. ఎండ 41 డిగ్రీలు. బండి అమ్మినాయన బ్రేకాయిలు ఈమధ్యే మార్చానన్నాడు, నేను నమ్మాను. మూడో సెషన్‌లో, వెనకవైపు పొడుగాటి తిన్నని దారి చివర, 14వ మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, ఏ అడ్డూ లేకుండా, నేలదాకా పోయింది.

ఆ క్షణం గురించి నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే లేకపోవడం తెలుసుగా? అది, గంటకి 150 కిలోమీటర్ల దగ్గర. రెండుసార్లు గబగబా కొట్టాను, కొంచెం పట్టింది. గేరు తగ్గించాను. తిప్పే ప్రయత్నం చెయ్యకుండా తిన్నగా మట్టిలోకి వెళ్లిపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు. బండి నిండా, నా నోటి నిండా దుమ్ము.

బ్రేకాయిలు గాల్లోని తేమని పీల్చుకుంటుంది, దాని స్వభావం అది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీలదాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టాక అదే కనీసం 155కి దిగిపోతుంది. ప్యాడ్ల వేడి పైకి పాకి లోపల మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. నా కాలు తొక్కింది ఆవిరినే. ఎగ్జాస్ట్‌కీ హెడర్‌కీ కలిపి తొమ్మిది వందల డాలర్లు పెట్టినవాణ్ణి, ఇరవై డాలర్ల బ్రేకాయిలు పొయ్యలేదు. ఆ తర్వాత ట్రాక్ ప్యాడ్లు వేశాను, ప్రతి ట్రాక్ డేకి ముందు కొత్త ఆయిలు ఎక్కించి గాలి తీస్తున్నాను. అయినా ఆ జూన్ నా కుడికాల్లోంచి పోలేదు. ఆ సంగతి నాకే తెలియదని నాన్నతో వెళ్లినరోజు తేలింది.

680, 80, 505 హైవేలు, అక్కణ్ణుంచి 5. తెల్లారేసరికి విలియమ్స్ దాటాం. రోడ్డుకి రెండువైపులా కోతకొచ్చిన వరి. నాన్న మంకీ క్యాపు పైకి లాక్కుని చూశాడు.

“ఈడ వరి ఎట్టా వచ్చిందిరా?”

కాలువ నీళ్లు నాన్నా, ఈ లోయంతా వరే, అన్నాను. ఆ తర్వాత విల్లోస్ వచ్చేదాకా బండి సంగతి మర్చిపోయి, ఎకరానికి ఎన్ని బస్తాలని నన్ను సతాయించాడు. నాకేం తెలుసు. విల్లోస్‌లో పెట్రోలు నిండా కొట్టించాను. నాన్న జేబులోంచి చిన్న పుస్తకం తీసి మీటరు రీడింగు రాసుకున్నాడు. ఎందుకని అడగలేదు, పాత అలవాటు కదా అనుకున్నాను.

ట్రాక్‌లో ముందు బండి తనిఖీ. చక్రాలు ఊపి చూస్తారు, బ్యాటరీ కదులుతోందా, ఎక్కడైనా కారుతోందా, బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా చూస్తారు. హెల్మెట్ లోపల, హెల్మెట్లని పరీక్షించే స్నెల్ వాళ్ల ఎస్ఏ స్టిక్కరు ఉండాలి, మోటార్‌సైకిల్ హెల్మెట్ పనికిరాదు. టాపు లేని బళ్లకి ఇంకో పరీక్ష. నేను హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే, రోల్ బార్ మీంచి ముందు అద్దం అంచుదాకా ఒక కర్ర పెట్టి, నా తల దానికి తగులుతోందా అని చూస్తారు. నాన్నకి అది భలే నచ్చింది. “పెళ్లిచూపుల్లో మీ మామయ్య మీ అత్తని ఇట్టానే కొలిచాడు” అన్నాడు.

డ్రైవర్ల మీటింగులో నాన్న చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. పసుపు జెండా ఏమిటి, ఎర్రజెండా ఏమిటి అని నేను చెవిలో తర్జుమా చేస్తున్నాను. ఓవర్‌టేక్ సంగతి దగ్గర మాత్రం నన్ను ఆపాడు. మా గ్రూపులో ముందున్నవాడు చెయ్యి బయటపెట్టి, వేలుతో చూపిస్తేనే వెనకవాడు దాటాలి.

“సైడ్ ఇచ్చేదాకా ఆగుతారా?”

ఆగుతారు.

“హారన్ కొట్టకుండా?”

కొట్టకుండా.

నమ్మలేదు. తనని కూడా ఎక్కించుకోమన్నాడు. మా గ్రూపులో ఇన్‌స్ట్రక్టర్ని తప్ప ఎవర్నీ పక్కన కూర్చోబెట్టకూడదని చెప్పాను. సరేనని, ఒక మడత కుర్చీ తీసుకుని కంచె పక్కన గట్టు మీదికి వెళ్లిపోయాడు.

ఇన్‌స్ట్రక్టరంటే గుర్తొచ్చింది. మొదటి రెండేళ్లు నా పక్కన కూర్చున్నవాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది, డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. నా బండికి ఏమేం మార్చానో ఉత్సాహంగా వల్లిస్తుంటే అంతా విని, “నువ్వు బానెట్ చూస్తూ నడుపుతున్నావు” అంది. అంతే. ఆ రోజంతా ఆవిడ చేసింది ఒకటే పని, మలుపు రాకముందే నా కళ్లకెదురుగా చెయ్యి చాపి ఎటు చూడాలో చూపించడం. థండర్‌హిల్‌లో అయిదో మలుపు గుట్ట మీద ఉంటుంది, ఎక్కేటప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. అక్కడ కూడా, కనపడని దారి ఎటుందో అటే చూడమనేది. నేను పెట్టిన ఖర్చులన్నిటికన్నా ఆ చెయ్యి ఎక్కువ పనిచేసింది. బరువైన, పవరున్న బండైతే తప్పు చేసి కూడా యాక్సిలరేటర్ తొక్కి కప్పిపుచ్చుకోవచ్చు. 128 హార్స్‌పవర్‌తో అది కుదరదు. మలుపులో పోగొట్టుకున్న స్పీడు తర్వాతి తిన్నని దారంతా మన వెంటే వచ్చి వెక్కిరిస్తుంది.

మొదటి సెషన్ ఆరు రౌండ్లు. రెండోది ఏడు. మంచి టైము 2 నిమిషాల 22 సెకన్లు. గొప్పేమీ కాదు, ఇదే బండితో రేసులాడేవాళ్లు నన్ను తేలిగ్గా దాటిపోతారు. హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ గట్టు దగ్గరికి వెళ్లాను. అంటాడేమో అని.

“ఆ చివర మలుపుందే, పొడుగు రోడ్డు అయిపోయినాక. ఆడ నువ్వొక్కడివే రెండుసార్లు బ్రేకు కొడుతున్నావు.”

లేదన్నాను.

“ఉండు. మిగతావాళ్ల దీపాలు ఒకసారే వెలుగుతున్నయ్. నీవి ముందొకసారి ఇట్టా మినుక్కుమని, ఆరి, మళ్లీ వెలుగుతున్నయ్. పదమూడు రౌండ్లూ చూసినా.”

అప్పుడు తెలిసింది. బ్రేకు పాయింటు రాకముందే కాలు తనంతట తాను పెడల్‌ని తాకి, ఉందో లేదో చూసుకుంటోంది. రేసు డ్రైవర్లు కూడా కావాలని అలా తాకి చూస్తారు గానీ, నాది కావాలని చేసింది కాదు. జూన్ కథ నాన్నకి అంతకుముందు చెప్పలేదు. భయపడతారని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్కడ కంచె పక్కన నిలబడి మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు.

“అనుమానముంటే బండి దిగి చూసుకోవాల. కాలితో తడుముకుంటా పోతే ఎట్టా?” అని, లేచి బండి దగ్గరికి నడిచాడు.

నాలుగు చక్రాల దగ్గరా వంగి, చేతి వెనకవైపుతో, తగలకుండా, వేడి చూశాడు. దోర్నాలలో టీకి ఆపినప్పుడు ఆయన బస్సు చుట్టూ తిరిగి అలా చూడ్డం చిన్నప్పుడు నాకు తెలుసు. సెలవుల్లో నన్ను ఇంజను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలనీ, బ్రేకుని నమ్ముకుని దిగితే సగం కొండలోనే అది చెయ్యిస్తుందనీ నాకు ఎనిమిదేళ్లకే తెలుసు. మళ్లీ నలభై ఏళ్లు దాటాక మట్టిలోకి వెళ్లి నేర్చుకున్నాను.

“ఎడమ వెనకది చూడు. మిగతా మూటికీ దానికీ పొంతన లేదు.”

జాకెత్తి చక్రం ఊడదీశాను. ప్యాడ్లని పట్టి నొక్కే క్యాలిపర్ జారాల్సిన పిన్ను బిగుసుకుపోయి ఉంది. లోపలి ప్యాడ్ సగం అరిగింది, బయటిది దాదాపు కొత్తది. ఈ వయసు మియాటాలకి వెనక క్యాలిపర్లు ఇలా పట్టేయడం అందరికీ తెలిసిన జబ్బే. నేనే చూడలేదు. రెండు నెలలుగా బ్రేకు తొక్కినప్పుడు బండి కొంచెం ఎడమకి లాగుతోందని, అది అలైన్‌మెంట్ అని, ఆ లెక్కన నూటయాభై డాలర్లు తగలేశాను కూడా.

“నీ కాలికి తెలిసింది. నీకే తెలీలా” అన్నాడు నాన్న.

పక్క బండి కుర్రాడు బ్రేక్ గ్రీజు ఇచ్చాడు. పిన్ను బయటికి లాగి, ఉక్కుపీచుతో తోమి, గ్రీజు రాసి బిగించేసరికి మూడో సెషన్ పోయింది. ఈలోగా నాన్న ఆ కుర్రాడికి పులిహోర పెట్టాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరూ అతని బండి కింద తలలు పెట్టి పావుగంట మాట్లాడుకున్నారు. వీల్ నట్లు మాత్రం నాన్నే బిగించాడు, ఎదురుబొదురుగా. సరిపడా బిగిసిందని టార్క్ రెంచి టిక్కుమన్నా ఇంకో పట్టు వెయ్యబోతే ఆపాల్సి వచ్చింది.

నాలుగో సెషన్ ఎనిమిది రౌండ్లు. బండి ఎడమకి లాగడం మానేసింది. టైము సెకనులో నాలుగు పదోవంతులు తగ్గింది, గాలి కొంచెం చల్లబడినందుకైనా అంత తగ్గుతుంది. దిగి నడుచుకుంటూ వెళ్తే గట్టు మీద నాన్న చిన్న పుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నాడు.

“అయిదు రౌండ్లు రెండు వెలుగులు. తర్వాత మూడు రౌండ్లు ఒకటే.”

విల్లోస్‌లో అదే బంకులో మళ్లీ నిండా కొట్టించాను. నాన్న మీటరు చూసి, పంపు మీద అంకె చూసి, నా ఫోను అడిగి తీసుకున్నాడు. 78 మైళ్లు, 7 గ్యాలన్లు. మైళ్లని కిలోమీటర్లు చేశాడు, గ్యాలన్లని లీటర్లు చేశాడు. 125, ఇరవై ఆరున్నర. లీటరుకి ఎన్ని కిలోమీటర్లో భాగించాడు.

“కేఎంపీఎల్ 4.7.”

ట్రాక్ మీద అంతే వస్తుంది నాన్నా, అన్నాను.

“శివరాత్రికి ఘాటులో, టాపు మీద కూడా జనంతో, నేను 4.8 తెచ్చేవాణ్ణి” అని ఫోను నా చేతికిచ్చి, మంకీ క్యాపు చెవులదాకా లాక్కుని, సీటు బెల్టు పెట్టుకున్నాడు. “మా డిపో అయితే నీకు మెమో ఇచ్చేవాళ్లు.”